నీటికి మూత, గాలికి దారి

మార్చి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున స్పానరు తిన్నది రెండు ఉడికిన గుడ్లు, ఒక అరటిపండు, అర గ్లాసు పాలు. తేదీతోపాటు తిండి కూడా గుర్తుండిపోవడానికి కారణం, పది గంటలకల్లా అదంతా ఈతకొలను గట్టు మీదికి తిరిగి రావడమే.

"పర్లేదు బావగారూ," అంటూ బుడగ బకెట్టుతో నీళ్లు తెచ్చి గట్టు కడిగాడు. "మొదటిరోజు ఈ కొలను నీళ్లు తాగనివాళ్లు లేరు. మీరు కాస్త మొహమాటం లేకుండా తాగారు, అంతే."

"నేను తాగలేదురా. అవే వచ్చాయి, ముక్కులోకి."

"మాస్కులోంచి."

"మాస్కు కారుతోంది. ఇంకో పావు మలుపు బిగిస్తే సరిపోతుంది," అని స్పానరు తల వెనక పట్టీని రెండు చేతులా లాక్కున్నాడు.

పావు మలుపు ఆయన ఊతపదం. ఊరి నీళ్ల పంపుహౌసులో ముప్పైరెండేళ్లు పనిచేశాడు. పాలిటెక్నిక్ చదువు, చేతినిండా పని, సూపర్‌వైజరయ్యాక కూడా జేబులో స్పానరు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండిపోయి, పనిముట్టు పేరే మనిషికి మిగిలింది. కారుతుంటే బిగించాలి, ఇంకా కారుతుంటే ఇంకో పావు మలుపు. ఆ సూత్రంతో ఆయన ఎన్ని వేల కుళాయిల నోళ్లు మూయించాడో లెక్కలేదు.

బుడగ ఆయనకు చుట్టం కాదు. ఆయన భార్య దగ్గర డైవింగు నేర్చుకున్న మొదటి శిష్యుడు. మిగతావాళ్లకు ముప్పావుగంట వచ్చే సిలిండరును పావుగంటలో బుడగలు చేసి వదిలేసేవాడు కనుక ఆ పేరు ఆవిడే పెట్టింది. వాడు ఆవిడను అక్కా అన్నాడు, ఆ లెక్కన ఈయన బావగారయ్యాడు. ఆవిడ పెట్టిన డైవింగు షాపు ఇప్పుడు వాడి చేతికి వచ్చింది. తలమీద నాలుగు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి.

యాభైతొమ్మిదేళ్ల వయసులో, కడుపులో గుడ్లు నిలవని స్థితిలో, ఒక మనిషి కొలనులో ఎందుకు దిగాడో చెప్పాలి.

షాపు గోడకు ఒక చెక్కపలక ఉంది. దానికి పద్నాలుగు మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ల. ఒక్కో బిళ్ల సముద్రంలో ఉన్న ఒక్కో ఇనపచట్రానిది. తుఫాను దెబ్బకు విరిగిపడిన పగడాల ముక్కల్ని ఏరి ఆ చట్రాలకు కడతారు. అవి అక్కడ మొక్కల్లా నిలదొక్కుకుని పెరుగుతాయి. అయితే ఇనుముకు నాచు పడుతుంది, నాచు పెరిగితే పగడాన్ని కమ్మేస్తుంది. అందుకని చట్రం యజమాని నీళ్లలోకి దిగి, పళ్లు తోమినట్టు ఆ కడ్డీలను తోమాలి. దానికి పాత టూత్‌బ్రష్‌ను మించిన పనిముట్టు లేదు.

తొమ్మిదో నంబరు చట్రం ఆయన భార్యది. జనవరి ఆఖర్లో, వంటింట్లో, కుక్కరు మూడో విజిల్ వెయ్యకముందే ఆవిడ వెళ్లిపోయింది. పగడాల సంఘంలో నియమం ఏమిటంటే, మూడు నెలలు ఇంటివాళ్లెవరూ తోమని చట్రం వరసలో ఉన్న తర్వాతివాళ్లకు పోతుంది. జాలిపడి పక్కచట్రంవాళ్లు తోమితే లెక్కకు రాదు. ఆ నియమం రాసింది ఎవరో కాదు, ఆవిడే. పదేళ్ల కిందట కొందరు బిళ్ల తగిలించుకుని ఫొటో దిగి మాయమైపోతుంటే విసుగొచ్చి రాసింది. కార్యదర్శి ఆ కాయితం తెచ్చి చూపించి, "మారుద్దామంటారా?" అని అడిగింది. స్పానరు దస్తూరి చూసి, "వద్దండి. ఆవిడ రాసిందాన్ని కొట్టేసి నేను ఇంట్లో ఎలా తిరుగుతాను?" అన్నాడు.

గడువు ఏప్రిల్ ముప్పై. కూతురికి కర్ణభేరిలో చిల్లు పడింది, ఆపరేషను అయినా డాక్టర్లు ఆమెను నీళ్లలోకి దిగనివ్వరు. షాపులోనే ఉంటూ సిలిండర్లలో గాలి నింపుతుంది. ఇక ఇంటివాళ్లంటే మిగిలింది ఒక్కడే.

అదీగాక ఇంటి గేటుకు ఒక రేకుడబ్బా కట్టి ఉంది. ఇరుగుపొరుగువాళ్లు తమ అరిగిపోయిన టూత్‌బ్రష్‌లు ఆవిడ కోసం అందులో వేసేవారు. ఆవిడ పోయాక కూడా ఎవరూ మానలేదు. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం వెళ్తే డబ్బాలో ఒకటో రెండో కొత్తగా కనిపించేవి. ఎవరూ దాని గురించి ఆయనతో మాట్లాడలేదు, పరామర్శలూ చెయ్యలేదు. బ్రష్‌లు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఫిబ్రవరి అయ్యేసరికి డబ్బా నిండింది. నిండిన డబ్బాను చూస్తూ ఊరుకునే రకం కాదు ఆయన.

*

రెండు వారాలు గడిచినా మాస్కు కారడం ఆగలేదు. అది ఆవిడ మాస్కు. నల్ల రబ్బరు అంచు, వెనక పట్టీకి ఆవిడ చేత్తో కుట్టిన గుడ్డ తొడుగు. జుట్టు పట్టుకుని పీకకుండా పాత దిండుగలీబు చింపి, నీలం పూలున్న భాగం చూసి కుట్టుకుంది. దాన్ని తప్ప ఇంకోటి ముట్టనన్నాడు స్పానరు. కొలనులో మోకాళ్ల మీద కూర్చునేసరికి నీళ్లు కళ్లదాకా వచ్చేవి. పైకొచ్చి పట్టీ బిగించేవాడు. ఇంకొంచెం ఎక్కువ వచ్చేవి. మళ్లీ బిగించేవాడు.

"నాన్నా, మొహం మీద ఆ గుండ్రం ఏంటి? చెంబులో తల ఇరుక్కుంటే లాగినట్టుంది," అంది కూతురు.

"పోతుంది లేమ్మా."

"నిన్నకూడా ఇదే అన్నావ్. నిన్నటిది ఇంకా ఉంది, దాని మీద ఇవాళ్టిది."

బుడగ ఆ రోజు ఆయన్ని కొలనులోకి దించలేదు. బల్లమీద కూర్చోబెట్టి, మాస్కు చేతికిచ్చాడు. "పట్టీ తల మీదికి వెయ్యకండి. ఊరికే మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి బిగబట్టండి. చెయ్యి తియ్యండి."

స్పానరు అలాగే చేశాడు. మాస్కు జారి ఒళ్లో పడింది.

"ఇంకోసారి."

ఇంకోసారీ పడింది.

"చూశారా? ఇది మీ మొహానికి అతకదు. అక్కది కోలమొహం. మీది, ఏమీ అనుకోకండి, తపాలాపెట్టె. అతకని మాస్కును ఎంత బిగిస్తే రబ్బరు అంచు అంత ముడుచుకుని మడతపడుతుంది. ఆ మడతలోంచి నీళ్లు రాజమార్గంలో వచ్చినట్టు వస్తాయి. వాషరు సైజు తప్పయితే మీరైనా ఏం చేస్తారు?"

"వాషరు మారుస్తాను," అన్నాడు స్పానరు, తన నోటితోనే దొరికిపోయి.

బుడగ అటకమీంచి పెట్టె దించాడు. ఆరు మాస్కులు వరసగా పెట్టి చూశారు. అయిదు జారిపోయాయి. ఆరోది, పసుపుపచ్చ అంచుది, బడికెళ్లే పిల్లలు వేసుకునే రెయిన్‌కోటు రంగుది, సగం నిలబడి సగం ఊగింది.

"ఇదే," అన్నాడు బుడగ. "మిగతా సగం మీసం చేస్తున్న అల్లరి. ముక్కు కింద అంచు కూర్చోవాల్సిన చోట మీ మీసం తివాచీ పరిచి కూర్చుంది. మొత్తం తీసెయ్యక్కర్లేదు. పైన సన్నగా ఒక గీత గీసినట్టు తీస్తే చాలు."

ముప్పైఅయిదేళ్ల మీసం అది. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి కుడివైపు గీత తీశాడు. ఎడమవైపు తీస్తే అది కాస్త లోపలికి పోయింది. సమానం చెయ్యడానికి కుడివైపు ఇంకొంచెం తీశాడు. పంపుహౌసులో అరమిల్లీమీటరు తేడా సహించని కన్ను కదా, ఇక్కడ మాత్రం ఎలా సహిస్తుంది? ఎడమ, కుడి, మళ్లీ ఎడమ. పావుగంట గడిచేసరికి సమానం చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

గది గుమ్మంలో నిలబడిన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ఆయన కంగారుపడ్డాడు. కాదు. ఆమె గోడకు ఆనుకుని, కిందికి జారి, నేలమీద కూర్చుని నవ్వుతోంది.

"అమ్మ ఉంటేనా, నాన్నా..."

"ఉంటే?"

"ఎవరండీ మీరు, మా ఆయన ఇంట్లో లేరు, తర్వాత రండి అనేది."

జనవరి తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదటిసారి. మీసం పోతే పోయిందనుకున్నాడు స్పానరు. మర్నాడు పసుపు మాస్కు పట్టీ లేకుండానే మొహానికి అతుక్కుని నిలబడింది. ఆయన రెండు చేతులూ చాపి షాపంతా తిరిగాడు, అది ఊడలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి రెండు మాస్కుల పక్కల్లో ఉన్న క్లిప్పులు పరిశీలించాడు. పట్టీలు రెండూ ఒకే వెడల్పు. పసుపు మాస్కుకున్న పట్టీ ఊడదీసి, ఆవిడ పట్టీని, నీలంపూల తొడుగుతో సహా, దానికి ఎక్కించాడు. ఆయన బట్టతలకు జుట్టు పీక్కునే భయం లేదు. అయినా ఎక్కించాడు.

*

ఏప్రిల్ పన్నెండున మొదటిసారి సముద్రంలో దిగారు. పడవ ఆగిన చోట లోతు ఎనిమిది మీటర్లు. కూతురు ఆయన వీపుకు సిలిండరు తగిలించి, మీటరు చూసి, "నేనే నింపాను. పొదుపుగా వాడు, బుడగ మామలా కాదు," అంది.

"వినపడుతోంది," అన్నాడు బుడగ పడవ అవతలి అంచునుంచి.

దిగబోయే ముందు స్పానరు చేతులు వాటంతటవే తలవెనక్కి వెళ్లాయి. ఎవరూ చూడకుండా పట్టీని రెండు గాట్లు బిగించాడు. సముద్రం కొలను కాదు కదా, కాస్త గట్టిగా ఉంటే మంచిదే అనుకున్నాడు.

మాస్కులో ఒక్క చుక్క కారలేదు. అదే కొంప ముంచింది. కొలనులో మొదటి రెండు వారాలూ కారే మాస్కుతో నేర్చుకోవడం వల్ల ఆయనకొక దురలవాటు పట్టుకుంది: నీళ్లు లోపలికి పోతాయనే భయంతో ముక్కును లోపలినుంచి తలుపు గడియపెట్టినట్టు మూసేసుకునేవాడు. "కిందికి దిగేటప్పుడు ముక్కుతో కొంచెం కొంచెం గాలి మాస్కులోకి వదలండి" అని బుడగ పదిసార్లు చెప్పాడు. పదిసార్లూ ఆయన తలూపాడు. కారే మాస్కులో ఆ అవసరమే తెలియలేదు, ఖాళీని నీళ్లే వచ్చి నింపేసేవి.

మూడు మీటర్ల దగ్గర మాస్కు మొహాన్ని కొంచెం పట్టుకున్నట్టనిపించింది. బాగా అతికిందిలే అని సంతోషించాడు. అయిదు మీటర్ల దగ్గర ఎవరో అరచేతిని మొహానికి అంటించి లాగుతున్నట్టు ఉంది. ఏడు మీటర్ల దగ్గర కళ్లు గుంటల్లోంచి ముందుకు వస్తున్నాయనిపించింది. పంటిబిగువున భరించాడు. ఓర్చుకోవడం ఆయనకు చేతనైన విద్య. బుడగ వెనక్కి తిరిగి ఆయన కళ్లలోకి చూసి, వెంటనే చెయ్యి పట్టుకుని, ముక్కు చూపించి, ఊదమని సైగ చేసి, మెల్లగా పైకి తీసుకొచ్చాడు.

పడవమీద మాస్కు తియ్యగానే కూతురు కేక పెట్టింది. కళ్లల్లో తెలుపు లేదు. రెండు గుడ్లూ ఎర్రగా, చుట్టూ చర్మం కమిలి, సరిగ్గా మాస్కు ఆకారంలో.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా."

"కనపడుతోందా?"

"ఆఁ. నువ్వు ఏడుస్తున్నావ్, బుడగ తిడదామా వద్దా అని ఆలోచిస్తున్నాడు. అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి."

"తిడదామనే తేల్చుకున్నాను," అన్నాడు బుడగ. పట్టీ మీద చెయ్యి వేసి గాట్లు లెక్కపెట్టాడు. "రెండు గాట్లు! నా కళ్లెదురుగా! బావగారూ, మీరు నా వయసువాళ్లయితే సముద్రంలోకి తోసేసేవాణ్ణి."

*

కళ్ల డాక్టరమ్మ ఒక దీపం పెట్టి చూసి, ఇంకో దీపం పెట్టి చూసి, అక్షరాలు చదివించింది. "చూపు బాగుంది. పైపొర కింద సన్నటి నాళాలు చిట్లాయి. చూడ్డానికే భయం. అదే తగ్గిపోతుంది."

"మళ్లీ ఎప్పుడు దిగొచ్చు?"

ఆవిడ కుర్చీ వెనక్కి జరిపింది. "మీకొక సంగతి చెప్పాలి. తొమ్మిదో చట్రానికి వరసలో తర్వాత ఉన్నది నేనూ మావారూ. రెండేళ్లనుంచి ఎదురుచూస్తున్నాం."

కూతురు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నెలరోజులు అన్నానంటే నన్ను అడిగేవాళ్లు లేరు," అంది డాక్టరమ్మ, చీటీ మీద రాస్తూ. "కానీ రెండు వారాలు చాలు. ఇరవైఆరున వచ్చి చూపించండి. ఎరుపు తగ్గితే దిగండి. మీ ఆవిడ నాకు ఈత నేర్పింది. నేను మునుగుతుంటే జుట్టు పట్టుకుని లాగింది కూడా."

బయటికొచ్చాక మెట్లమీద కూతురు ఆగిపోయింది. "నాన్నా, ఇంక మానెయ్. వాళ్లు మంచివాళ్లు. బాగా చూసుకుంటారు."

"మంచివాళ్లే. అదేనమ్మా వచ్చిన చిక్కు, తిట్టుకోవడానిక్కూడా లేదు."

"నేను హాస్యానికి అనట్లేదు. ఆ రోజు వంటింట్లో అమ్మను చూశాను. ఇవాళ పడవమీద నీ కళ్లు చూశాను. నాకు ఒకటి చాలు."

ఇంటికి నడిచారు. గేటు దగ్గర డబ్బాలో కొత్తగా రెండు బ్రష్‌లున్నాయి, ఒకటి చిన్నపిల్లలది, పిడి మీద ఏనుగు బొమ్మ. చేతిలోకి తీసుకుని అన్నాడు: "మొండితనంతో దిగనమ్మా. ఏం తప్పు జరిగిందో నాకు బోధపడాలి. బోధపడకపోతే నేనే ఆ బిళ్ల తీసి డాక్టరమ్మ చేతికిస్తాను. సరేనా?"

ఆమె ఆయన ఎర్రటి కళ్లలోకి చూసి, "సరే," అంది. "కానీ బోధపడిందని అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది."

బోధపడటానికి మూడు రోజులు పట్టింది. నాలుగో పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలో కమిలిన మొహాన్ని చూస్తుంటే, ఆయనకు ఒక ట్యాంకు జ్ఞాపకమొచ్చింది.

అప్పుడాయనకు ఇరవైనాలుగేళ్లు. పంపుహౌసు పెరట్లో మనిషెత్తున్నర రేకుట్యాంకు ఉండేది. దానికి రంగు వేస్తున్నారు. పైన గాలిగొట్టంలో రంగు పడకుండా స్పానరే ప్లాస్టిక్ సంచీ కప్పి, గట్టిగా తాడుతో కట్టాడు. మర్నాడు ఆ సంచీ సంగతి మర్చిపోయి, కింద వాల్వు తిప్పి నీళ్లు వదిలాడు. నీళ్లు పోయాయి, వాటి జాగాలోకి గాలి వచ్చే దారి లేదు. పది నిమిషాల్లో దబ్బుమని చప్పుడు. వెళ్లి చూస్తే కొత్తరంగు ట్యాంకు, చేత్తో నలిపిన కాగితంగ్లాసులా, నడుం దగ్గర లోపలికి పోయి ఉంది. మేస్త్రీ తిట్టలేదు. ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "నీటికి మూత, గాలికి దారి. మొదటిది నీకు బాగా వచ్చు. రెండోది నేర్చుకో," అన్నాడు.

సబ్బు నురగ ఆరిపోతున్నా స్పానరు అలాగే నిలబడ్డాడు. మాస్కు కూడా ట్యాంకే. లోతుకు పోయేకొద్దీ బయట నీళ్లు బరువెక్కుతాయి, లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ తగ్గిన గాలిని మళ్లీ నింపాల్సిన గాలిగొట్టం తన ముక్కు. దానికి తనే సంచీ కట్టేశాడు. ట్యాంకుకు నలగడానికి రేకుంది, మాస్కుకు దొరికింది తన కళ్లు. ఇక పట్టీ అంటావా, పీపాల్లో లోపలినుంచి పెట్టే మూతల్ని నీటి బరువే అదిమిపడుతుంది, బోల్టు ఉన్నది నీళ్లు వచ్చేదాకా మూత పడిపోకుండా ఉండటానికే. పట్టీ కూడా అంతే, నీళ్లలోకి దిగేదాకా మాస్కు జారిపోకుండా ఉండటానికే. ఈ పని తను ముప్పైరెండేళ్లు చేశాడు, మొహానికి వచ్చేసరికి మర్చిపోయాడు.

సగం గీసిన గడ్డంతోనే వంటింట్లోకి వెళ్లి కూతురికి ట్యాంకు కథంతా చెప్పాడు. ఆమె గరిటె చేత్తో పట్టుకునే విన్నది.

"అంటే, పట్టీ?" అని పరీక్ష పెట్టింది.

"వదులుగా. వేలు దూరేంత."

"దిగేటప్పుడు?"

"మీటరు మీటరుకూ ముక్కుతో చిటికెడు గాలి ఇవ్వాలి. అడిగేదాకా ఆగకూడదు, ముందే ఇవ్వాలి."

"లాగుతున్నట్టుంటే?"

"ఓర్చుకోను. ఆగుతాను. గాలిస్తాను. తగ్గకపోతే పైకి వస్తాను."

ఆమె పొయ్యివైపు తిరిగింది. "గడ్డం పూర్తిచేసుకో. ఎవరైనా చూస్తే ఇంటికి దొంగ వచ్చాడనుకుంటారు," అంది. అదే ఒప్పుకోలు.

*

ఇరవైఆరున డాక్టరమ్మ దీపం ఆర్పి, "దిగండి," అంది. ఇరవైఏడు, ఇరవైఎనిమిది, ఇరవైతొమ్మిది, రోజూ దిగారు. మొదటిరోజు స్పానరు ముక్కుతో గాలి మరీ ధారాళంగా ఇచ్చి, మాస్కు అంచులంతా బుడగలు చేశాడు. పడవెక్కాక బుడగ ఆనందం పట్టలేకపోయాడు. "పాతికేళ్లకి నా పేరు తీసుకోవడానికి ఒకడు దొరికాడు!" రెండోరోజు సరిపడా ఇవ్వడం తెలిసింది. మూడోరోజు మాస్కు నిండా కావాలని నీళ్లు నింపుకుని, పైఅంచు నుదుటికి నొక్కిపట్టి, తల కాస్త ఎత్తి, ముక్కుతో ఊది, ఆ నీళ్లన్నీ బయటికి పంపాడు. బుడగ పరీక్షకాయితం మీద సంతకం పెట్టాడు.

ఏప్రిల్ ముప్పై, బుధవారం. పొద్దున్నే గాలి లేచింది. నీటిమీద తెల్లటి నురగ కనపడుతోంది. బుడగ తీరంలో నిలబడి నడుంమీద చేతులు పెట్టుకున్నాడు. "తొమ్మిదింటిదాకా చూద్దాం. తగ్గకపోతే లేదు, బావగారూ. గడువు అయినా సరే. ఆ మాట నేను అనట్లేదు, అక్కే అనేది."

"నేనూ అదే అంటున్నాను," అన్నాడు స్పానరు. పీటమీద కూర్చుని, ఒళ్లో మాస్కు పెట్టుకుని, పట్టీ కింద వేలు దూర్చి చూసుకున్నాడు. మూడుసార్లు చూసుకున్నాడు. మూడుసార్లూ చేతులు ఒక గాటు బిగిద్దామన్నాయి. మూడుసార్లూ వాటిని వెనక్కి తెచ్చుకుని మోకాళ్లమీద పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి పావు తక్కువలో గాలి పడిపోయింది.

తొమ్మిదో చట్రం పదకొండు మీటర్ల లోతులో ఉంది. తాడు పట్టుకుని దిగాడు. ఒక మీటరు, ముక్కుతో చిటికెడు. రెండు మీటర్లు, చిటికెడు. మాస్కు మొహంమీద మెత్తగా కూర్చుంది, నిద్రపోతున్న పిల్ల నుదుటిమీద తల్లి అరచేతిలా. ఆరు మీటర్ల దగ్గర కొంచెం లాగింది. ఆగాడు. తాడు పట్టుకుని ఇంకో చిటికెడు ఇచ్చాడు. వదిలేసింది. కూతురు నింపిన గాలి అది, నోట్లోంచి తన ఊపిరిలోకి వచ్చి, అక్కణ్ణుంచి ముక్కు ద్వారా మాస్కులోకి పోతోంది. దాన్ని దుబారా చెయ్యకుండా దిగాడు.

చట్రం మంచమంత ఉంది. పగడాల కొమ్మలు పిడికిలంత, కొన్ని మూరెడు. మధ్యలో వేలెడు చేపలు గుంపుగా, ఇల్లు ఖాళీ చెయ్యమన్నా చెయ్యని అద్దెవాళ్లలా ఉన్నాయి. మూడు నెలల నాచు కడ్డీలమీద ముదురాకుపచ్చగా వేలాడుతోంది. స్పానరు జేబులోంచి బ్రష్ తీశాడు, పిడిమీద ఏనుగుబొమ్మది. బుడగ నేర్పినట్టు పగడానికి తగలకుండా ఇనుముమాత్రమే తోమసాగాడు. ఒక కడ్డీ, రెండో కడ్డీ. నాచు పొగలా లేచి పోతోంది. కింద ఇనుము నల్లగా బయటపడుతోంది.

నాలుగో కడ్డీ మూల దగ్గర నాచు తోమేసరికి ఏదో మెరిసింది. దగ్గరికి వంగి చూశాడు. స్టెయిన్‌లెస్‌స్టీలు క్లిప్పు. గొట్టాలకు చుట్టి బిగించేది, వేళ్లతో తిప్పడానికి రెక్క ఉన్నది. దాని పక్క మూలకు ఇంకోటి. నాలుగు మూలలకూ, మధ్యలో రెండు. మొత్తం ఆరు.

పంపుహౌసుకు ఒక్కసారే వచ్చిన మంచిరకం క్లిప్పులవి. ఇంటికి తెచ్చి పెట్టెలో దాచుకుంటే ఆరూ మాయమయ్యాయి. నెలరోజులు ఇల్లంతా వెతికాడు, కొత్తగా చేరిన ఫిట్టరు కుర్రాణ్ణి అనుమానించాడు. ఆవిడను అడిగితే, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "ఏమో, ఎలకలేమో," అంది. ఎలకలు స్టీలెలా తింటాయే అంటే, "మీ పెట్టెలో ఇంకేం దొరుకుతుంది పాపం, తింటాయి," అంది.

నవ్వాగలేదు. నవ్వగానే చెంపలు పైకి లేచి, మాస్కు అంచు వదులై, నీళ్లు లోపలికి వచ్చేశాయి. ముక్కు, తర్వాత కళ్లు. ఉప్పునీళ్లలో లోకమంతా మసకబారింది. ఒక్క క్షణం పాత భయం గడియపెట్టబోయింది. ఆయన పెట్టనివ్వలేదు. చట్రాన్ని ఒక చేత్తో పట్టుకున్నాడు, రెండో చేతిని మాస్కు పైఅంచుకు ఆనించాడు, తల ఎత్తాడు, ముక్కుతో తొందరపడకుండా ఊదాడు. నీళ్లు దిగిపోయాయి. లోపల మిగిలిన నాలుగు చుక్కలు సముద్రానివో కావో తేల్చుకునే పని పెట్టుకోలేదు.

బుడగ దగ్గరికొచ్చి బొటనవేలూ చూపుడువేలూ కలిపి, సరేనా అని అడిగాడు. స్పానరు కూడా వేళ్లు కలిపి చూపించి, తర్వాత క్లిప్పు చూపించి, గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. నావి అని. బుడగకు అర్థం కాలేదు. ఫర్వాలేదు, పైన చెప్పొచ్చు.

ఆరింటినీ పరీక్షించాడు. అయిదు గట్టిగా ఉన్నాయి, ఆవిడకు పని వచ్చు. ఆరోది కొద్దిగా ఊగుతోంది. దాని రెక్క రెండు వేళ్లతో పట్టుకుని ఇంకో పావు మలుపు తిప్పాడు. ఊగడం ఆగింది.

*

తొమ్మిదో బిళ్ల మేకుకే ఉంది. కార్యదర్శి వచ్చి పుస్తకంలో తేదీ వేసి, "తోమినవారు" అనేచోట ఆయన అసలు పేరు రాసింది. డాక్టరమ్మకు కూతురే ఫోను చేసి చెప్పింది. ఆవిడ అటునుంచి ఏమందో కానీ, కూతురు "తప్పకుండా ఆంటీ, వచ్చేనెల మీరూ రండి, నాన్నకు నీళ్లలో జతమనిషి కావాలి," అంది.

ఇంటికొచ్చి తలా రెండు గుడ్లు తిన్నారు. ఈసారి నిలిచాయి. కూతురు పెందలాడే పడుకుంది. మూడు నెలలుగా లైటు వేసుకునే పడుకునేది. ఇవాళ ఆర్పేసింది.

స్పానరు వెనకగదిలోకి వెళ్లాడు. ఆవిడ తడిసామాను ఆరేసుకునే గది. మంచినీళ్లతో మాస్కు కడిగి, పట్టీ వదులుచేసి, ఆవిడ మాస్కు పక్కనే ఇంకో మేకుకు తగిలించాడు. ఏనుగు బ్రష్ గ్లాసులో నిలబెట్టాడు. డైవింగు సూటు కొయ్యకు వేలాడదీసి కింద బకెట్టు పెట్టాడు. సూటు మోచేతినుంచి చుక్క జారి బకెట్లో పడింది. టప్. కాసేపటికి ఇంకోటి. టప్.

ఆ చప్పుడు ఆయనకు సరిపడేది కాదు. ఇంట్లో చుక్క కారుతుంటే నిద్రపట్టేది కాదు, ఆవిడ డైవింగుకు వెళ్లొచ్చిన రాత్రుల్లో లేచి వచ్చి సూటును బయట తీగమీదికి మార్చేసేవాడు. పొద్దున్నే ఆవిడ తిట్టేది.

చెయ్యి సూటుదాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాడు.

టప్.

కూతురికి మెలకువ రాకుండా గది తలుపును మెల్లగా, గడియ చప్పుడు కాకుండా, దగ్గరికి వేశాడు.